కిలోమీటరుకి ఎనభై ఐదు

ట్రిప్పు 1. ఈ పూట రేటు అరవై రెండు.

నా పేరు గుబ్బల వీరభద్రం. వయసు అరవై ఎనిమిది. ఈ నాగులమెట్ట ఘాట్ మీద ముప్పై నాలుగేళ్ళు బస్సు నడిపాను. బండి మీద ఒక్క గీత పడలేదు, నా మీద ఒక్క కేసు లేదు. బస్సులు వాటంతటవే నడవడం మొదలెట్టాక మా మెళ్ళో దండలేసి ఇంటికి పంపేశారు. ఈ చుట్టుపక్కల చేతి లైసెన్సు ఇంకా బతికున్న పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే అని మీ బీమావాళ్ళే కబురు పెట్టారు. అందుకని ఇది రాస్తున్నాను. కుర్రకారు నడిపే బండిలో పక్కన తోడు కూర్చున్నవాడు ప్రతి ట్రిప్పుకీ సొంత మాటల్లో రాసి పంపాలని మీ రూలు కదా. నా సొంత మాటలు ఇలాగే ఉంటాయి. దీన్ని మనిషి చదువుతాడో యంత్రమే చదువుకుంటుందో నాకనవసరం.

నడిపేది పల్లాల హైమ. ఇరవై రెండేళ్ళ పిల్ల, పైన డుమ్మకొండ వాళ్ళమ్మాయి. కారు పండుమిరపకాయ రంగుది, ఆరువందల గుర్రాల బలం. ఎవరో షావుకారు కొడుకు ముచ్చటపడి కొనుక్కుని, ఆ వయసుకి ఆ కారుకి మీరు చెప్పిన బీమా రేటు విని గుండె జారి, రెండేళ్ళు షెడ్డులో పడేసి తుక్కు ధరకి వదిలించుకున్నాడట. ఈ పిల్ల తునికాకు ఏరిన డబ్బులూ అన్న దగ్గర పుచ్చుకున్నవీ కలిపి కొనేసింది.

పని ఏమిటంటే, కింద పెద్దాసుపత్రి నుంచి పైన డుమ్మకొండ ఆసుపత్రికి రక్తం సీసాలూ పాముకాటు మందూ చేరవెయ్యడం. నలభై ఒక్క కిలోమీటర్లు. తనంతట తాను నడిచే వ్యాను కొండమీద సిగ్నలందక పెళ్ళినడక నడుస్తుంది, రెండున్నర గంటలు. డ్రోన్లని మంచులో పంపిస్తే చెట్లకి చుట్టుకుంటాయి. హైమ యాభై నిమిషాల్లో చేరుస్తుంది. ఆమె బీమా కోసం ఆసుపత్రివాళ్ళు కిలోమీటరుకి ఎనభై ఐదు రూపాయల దాకా భరిస్తారు. రేటు అంతకు మించిన రోజున కారు స్టార్టే అవదు. తప్పు లేని ట్రిప్పుకి అర్ధరూపాయి తగ్గుతుంది. యాభై లోపుకి దిగితే తోడు కూడా అక్కర్లేదు. నేను నడిపితే రేటెంతో తెలుసా? రెండు రూపాయలు. ఇది గొప్పకి చెప్పడం కాదు అనబోయాను, కానీ గొప్పకే చెబుతున్నాను.

నా సీటు పక్కన ఎర్ర బ్రేకు పిడి పెట్టారు. కారు కదిలినంతసేపూ నా చెయ్యి ఒకటి దాన్ని వదలకూడదు. మీ కాగితాల్లో తొమ్మిదో పేజీ అడుగున చిన్నక్షరాల్లో ఇంకో మాటుంది. తప్పు తానే నేర్పానని తోడు రాసిస్తే, దానికి పడిన మచ్చలన్నీ నడిపేవాళ్ళ ఖాతాలోంచి తోడు లైసెన్సుకి ఎక్కుతాయట, లైసెన్సు రద్దట. చదివి నవ్వుకున్నాను. నేను నేర్పేది తప్పా!

మొదటి రోజు కాబట్టి నాకు తెలిసిందంతా చెప్పాను. మలుపు కనపడకముందే హారను కొట్టాలి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. కొండముచ్చులకి తిండి విసరకూడదు. పద్నాలుగో మలుపులో ఘాటమ్మ తల్లి గుడి వస్తుంది, ఒక్క హారను కొట్టి, తల్లిని చూసి, కుడిచెయ్యి నుదుటికి ఆనించాలి. ఈ దారిలో స్టీరింగ్ పట్టినవాడెవడూ దండం పెట్టకుండా పోలేదు.

"ఆయ్, అలాగేనండి తాతగారూ" అంది. బుద్ధిమంతురాలు, చెప్పినవన్నీ చేసింది. బాగా నడుపుతుంది. నాకు మరీ అంత నచ్చకూడదని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ట్రిప్పు 4. రేటు అరవై ఐదు.

తగ్గాల్సింది పెరుగుతోందేమిటి? మూడు రోజుల్లో పిల్ల చేతిలో నాకు ఒక్క తప్పు కనపడలేదు. నాకు కనపడలేదంటే లేనట్టే.

రేటు కట్టడానికి డాష్‌బోర్డు మీద మీరు పెట్టిన పెట్టెకి హైమ అత్తగారని పేరు పెట్టింది. "నోరెత్తి ఒక్క మాటనదండి. అన్నీ చూసి లోపల రాసుకుంటాది" అంది. నా ఇన్నేళ్ళ సర్వీసులో ఎందరో చెకింగువాళ్ళని చూశాను కానీ ఇంత ముంగిని చూడలేదు.

ట్రిప్పు 8. రేటు అరవై తొమ్మిది.

ఇవాళ మీకు ఫోను చేశాను. ఒకమ్మాయి మర్యాదగా మాట్లాడింది. "పాతికేళ్ళ లోపువాళ్ళకి కారణం చెప్పడానికి వీల్లేదండి. చెబితే నడపడం నేర్చుకోరు, కెమెరా ముందు నటించడం నేర్చుకుంటారు" అంది.

"తప్పేమిటో చెప్పకుండా దండన వేస్తే ఎలాగమ్మా? మా బడిలో పంతులు కూడా కొట్టేముందు చెప్పేవాడు" అన్నాను.

"పెద్దవారు మీరు పక్కనే ఉన్నారుగా. మీరే కనిపెట్టాలి" అంది. అడిగేవాడికి చెప్పేవాడు లోకువన్నారు. ఇక్కడ అడిగేవాడే లోకువైపోయాడు.

తిరుగు దారిలో హైమ ఒక సంగతి చెప్పింది. ఆమె వదిన బుల్లెమ్మకి నెలలు నిండుతున్నాయి. మొదటి కాన్పుకి పైన ఆసుపత్రిలో రక్తం లేకపోయింది. వ్యాను వచ్చేసరికి బిడ్డ దక్కలేదు, తల్లి చావు తప్పి బయటపడింది. "ఆవేళ వ్యాను మలుపు మలుపుకీ ఆగి ఆలోచించుకుంటూ వచ్చిందంటండి. అప్పుడనుకున్నాను, కారంటూ కొంటే ఇలాంటిదే కొనాలని" అంది. కుర్రతనం మోజు అనుకున్నాను నేను, మొదటి రోజు. మనసులో అనుకున్నదాన్ని ఇక్కడ వెనక్కి తీసుకుంటున్నాను.

ట్రిప్పు 12. రేటు డెబ్భై నాలుగు.

పాటలు ఆపేశాం. దారిలో వేరుశనగపప్పు తినడం ఆపేశాం. నేను కబుర్లు చెప్పడం కూడా ఆపేశాను. ఇది మా ఆవిడ అనసూయ వింటే నమ్మదు. పిల్ల రెండు రోజుల్నించి ఊపిరి కూడా లెక్కపెట్టుకుని పీలుస్తోంది. మీ అత్తగారు మాత్రం రోజుకో రూపాయి, ఒక్కో రోజు రూపాయిన్నర పెంచుతూనే ఉంది.

ఇంటికెళ్ళి అనసూయ దగ్గర మిమ్మల్ని తిట్టాను. తను శాంతంగా కూర తరుగుతూ, "మీరేమైనా నేర్పారేమో చూసుకోండి" అంది.

"నేనా!"

"చాల్లెండి. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని మిమ్మల్ని చూశాకే పుట్టుంటుంది ఆ మాట" అంది. ఇదిక్కడ రాయనక్కర్లేదు. సొంత మాటలన్నారు కదా అని రాశాను.

ట్రిప్పు 16. రేటు డెబ్భై తొమ్మిది.

వేగమే కారణమేమో అనుకున్నాం. నిన్న నెమ్మదిగా వెళ్ళమన్నాను. యాభై నిమిషాల దారికి గంటా ఇరవై పట్టింది. పైన డాక్టరు సునందగారు మెట్ల మీదే నిలబడి ఉన్నారు. పొలంలో పాము కరిచిన ముసలాయన ఒకడు లోపల ఎగశ్వాసలో ఉన్నాడు. మందు లాక్కుని పరిగెత్తారు. ఆయన బతికాడు. ఆమె బయటికి వచ్చి హైమని పట్టుకుని, "ఇంత సేపు రావడానికైతే వ్యాను చాలదామ్మా?" అన్నారు.

పిల్ల తల వంచుకుంది. నెమ్మదిగా వెళ్ళమన్నది నేనేనని నేను చెప్పాను. అయినా ఏం లాభం? పొద్దున్న చూస్తే రేటు పెరిగే ఉంది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఇవాళ్టి నుంచి మళ్ళీ యాభై నిమిషాలే.

ఇంకో ఆరు రూపాయలుంది హద్దు.

ట్రిప్పు 19. రేటు ఎనభై మూడు.

రాత్రి వానకి పన్నెండో మలుపు దగ్గర కొండచరియ జారి రోడ్డు మూసుకుపోయింది. కలప లారీలు పూర్వం తిరిగిన పాత దారిలో చుట్టూ తిరిగి వెళ్ళాం. దాన్ని దారి అనడం దారికే అవమానం. కారు అడుగు రెండుసార్లు రాయికి గీసుకుంది. అడవి పంది ఒకటి అడ్డమొస్తే హైమ బ్రేకు తొక్కిన తొక్కుకి నా కళ్ళద్దాలు వెళ్ళి అత్తగారి మీద పడ్డాయి. ఇలాంటి సడన్ బ్రేకులు మూడు.

"రేపు పొద్దున్నకి ఎనభై ఐదు దాటేస్తాదండి" అంది హైమ. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది నాకు.

ట్రిప్పు 20. రేటు ఎనభై రెండున్నర.

తగ్గింది! అర్ధరూపాయి తగ్గింది! గీసుకున్నాక, గుద్దుకోబోయాక, మూడు బ్రేకులు పడ్డాక తగ్గింది. మీ అత్తగారికి మతి పోయిందనుకుని హైమ పొట్ట పట్టుకుని నవ్వింది. చాలా రోజులకి నవ్వింది. రోడ్డు బాగుచేశారు. ఇవాళ మళ్ళీ మామూలు దారినే వెళ్ళాం. నిశ్చింతగా, సాఫీగా, ఒక్క బ్రేకు లేకుండా.

ట్రిప్పు 21. రేటు ఎనభై మూడున్నర.

మళ్ళీ పెరిగింది. పాడుదారిలో తగ్గి మంచిదారిలో పెరుగుతుందా? పాడుదారిలో లేనిదీ మంచిదారిలో ఉన్నదీ ఏమిటా అని దారి పొడుగునా చూస్తూ కూర్చున్నాను.

పద్నాలుగో మలుపు దాటాక ఒక సంగతి తట్టింది. ఇప్పుడు రాయను.

ట్రిప్పు 22. రేటు ఎనభై నాలుగున్నర.

ట్రిప్పు బాగా జరిగింది. రాయడానికేమీ లేదు.

ట్రిప్పు 23. రేటు ఎనభై నాలుగు.

తగ్గింది. రాయడానికేమీ లేదు.

ట్రిప్పు 24. రేటు ఎనభై మూడున్నర.

ఆదివారం అనసూయని మా పాత చిన్నకారులో గోదారి గట్టుకి తీసుకెళ్ళాను. ప్రతి ఆదివారం వెళతాం, అక్కడ పెసరట్టు తింటాం. ఊళ్ళో చేత్తో నడిచే కారు అదొక్కటే, పిల్లలు వెంట పరిగెడతారు. దీనికీ ట్రిప్పుకీ సంబంధం లేదు. ఊరికే రాశాను.

ట్రిప్పు 25. రేటు ఎనభై మూడు.

మేకలు అడ్డమొచ్చాయి. బ్రేకు వేశాం. ఎవరికీ ఏమీ కాలేదు.

ట్రిప్పు 26. రేటు ఎనభై ఆరు.

కారు స్టార్టవలేదు. కింద పెద్దాసుపత్రి ఆవరణలో కూర్చుని ఇది రాస్తున్నాను. టైము పదకొండూ పది. ఇప్పుడే పైనుంచి డాక్టరు సునందగారు ఫోను చేశారు. బుల్లెమ్మకి పొద్దున్న నొప్పులొచ్చాయి, రక్తం పోతోంది, రెండు సీసాలు వెంటనే కావాలి. సీసాల పెట్టె నా ఒళ్ళో ఉంది. వ్యానులో పెడితే ఒంటిగంటా నలభైకి చేరుతుంది. అంతసేపు ఆగలేమని ఆవిడ రెండుసార్లు చెప్పారు.

హైమ స్టీరింగ్ ముందు కూర్చుని బటను నొక్కుతోంది. అవదని తెలిసీ మళ్ళీ మళ్ళీ నొక్కుతోంది. నేను నడుపుదామంటే ఈ కారుని హైమ పేరుకే కట్టేశారు, పేరు మార్చడానికి మీకు రెండు రోజులు కావాలి; మా చిన్నకారు ఈ ఘాట్ ఎక్కలేదు.

కాబట్టి ఇక దాచను. నాలుగు రోజుల్నించి దొంగకి తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. రాసుకోండి.

పద్నాలుగో మలుపు. ఘాటమ్మ తల్లి గుడి. రోజూ అక్కడ ఈ పిల్ల కుడిచెయ్యి స్టీరింగ్ వదిలేది, కళ్ళు రోడ్డు వదిలేవి. ఒకటిన్నర సెకను. అత్తగారు రాసుకున్నది అదే. కలప దారిలో గుడి లేదు, అందుకే ఆ రోజు తగ్గింది.

ఆ దండం నేర్పింది నేను. నేనూ ముప్పై నాలుగేళ్ళు పెట్టాను, ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం నా గొప్పనుకున్నాను. నిన్న రాత్రి కాగితం మీద లెక్క వేశాను. ఆ మలుపులో నా బస్సు ఇరవైలో పాకేది. ఒకటిన్నర సెకనులో ఎనిమిది మీటర్లు పోయేది. ఈ కారు అరవైలో వస్తుంది. ఒకటిన్నర సెకనంటే పాతిక మీటర్లు, ఆ పాతిక మీటర్లూ ఎవరూ చూడకుండా పోతుంది. మీ పెట్టెది తప్పు కాదు. ఇది ఒప్పుకోవడానికి నాకెంత కష్టంగా ఉందో మీ యంత్రానికి అర్థం కాదు.

ఇరవై ఒకటో ట్రిప్పులో తెలిసింది నాకు. ఆ మర్నాడు దండం మానెయ్యమ్మా అని మాత్రం చెప్పాను, కారణం చెప్పలేదు. తనూ అడగలేదు. మీకు రాయలేదు. ఎందుకంటే రాస్తే తొమ్మిదో పేజీ. నా లైసెన్సు పోతుంది. రేటు మెల్లగా అదే దిగుతుందిలే, ఎవరికీ చెప్పనక్కర్లేదులే అనుకున్నాను. ఆదివారం పెసరట్టు సగంలో వదిలేశాను, అయినా చెప్పలేదు. నాకు సిగ్గుగా ఉంది.

నిన్న ఏమైందో కూడా నిజం రాస్తాను. ఇరవై రోజులు చేయించిన అలవాటు మూడు రోజుల్లో పోతుందా? మలుపు రాగానే పిల్ల చెయ్యి దానంతటది లేచింది. అదే క్షణాన గుడి పక్కనుంచి మేకలు, వాటి వెనకాల కర్ర పట్టుకుని ఒక ముసలమ్మ. నేను ఎర్ర పిడి లాగాను. కారు ఆగాక చూస్తే బంపరుకీ ఆవిడ మోకాళ్ళకీ మధ్య జానెడు. ఆవిడ మమ్మల్ని తిట్టలేదు. గుడివైపు తిరిగి దండం పెట్టుకుని మేకల్ని తోలుకుపోయింది.

ఇప్పుడే హైమకి ఇదంతా చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను.

"చెయ్యి తీసింది నేను కదండి. నా మీదే ఉండనియ్యండి" అంది.

"నేర్పింది నేనమ్మా."

బటను మీంచి వేలు తీసేసింది. తర్వాత, "మా కొండోళ్ళ తల్లి వేరండి తాతగారూ. ఘాటమ్మకి మావోళ్ళు పెట్టరు. మీరు చెప్పారు కదా, పెట్టకపోతే బాధపడతారని పెట్టాను" అంది.

నా కోసం. ఇరవై రోజులు, రేటు పెరుగుతున్నా, నా మనసు నొప్పించకూడదని.

అందుకని తొమ్మిదో పేజీ ప్రకారం రాసిస్తున్నాను. ఈ ఇరవై ఐదు ట్రిప్పుల్లో పడిన ప్రతి మచ్చా నేను నేర్పిన తప్పువల్ల పడింది, నిన్నటి మేకల బ్రేకుతో సహా. హైమ దోషం ఇందులో ఏమీ లేదు. ఇట్లు, గుబ్బల వీరభద్రం, చేతి లైసెన్సుదారు. ఈ మాట చివరిసారి రాస్తున్నాను. పంపుతున్నాను. త్వరగా చదవండి, మీకు పుణ్యముంటుంది.

అదే రోజు, మధ్యాహ్నం.

ఇది మీరు అడిగింది కాదు. నేనిప్పుడు తోడుని కాను, నా పేరు మీద లైసెన్సూ లేదు. అయినా మీరిచ్చిన ట్రిప్పుల పుస్తకంలో ఒక పేజీ మిగిలింది.

మీ జవాబు నాలుగు నిమిషాల్లో వచ్చింది. రెండు ముక్కలు. నాకు వచ్చింది, లైసెన్సు రద్దయిందని. అత్తగారి మొహం మీద వచ్చింది, రేటు నలభై తొమ్మిదిన్నర అని. మొదటి రోజు నుంచీ రోజుకో అర్ధరూపాయి తగ్గించుకుంటూ వస్తే ఎంత ఉండాలో సరిగ్గా అంత. యాభై లోపు. ఇక ఆమెకి తోడు అక్కర్లేదు.

కారు స్టార్టయింది. నేను సీసాల పెట్టె హైమ వెనక సీటులో పెట్టి దిగబోయాను.

"ఎక్కడికండి? పెట్టె ఎవరు పట్టుకుంటారు? మలుపుల్లో సీసాలు కదిలిపోవూ?" అంది. సీసాలు కదలవు, పెట్టెకి పట్టీలున్నాయి. ఆ సంగతి ఆమెకీ తెలుసు. నేను ఎక్కి కూర్చున్నాను.

నా పక్కన ఎర్ర పిడి ఉంది. దాన్ని పట్టుకునే హక్కు నాకిక లేదు. చెయ్యి రెండుసార్లు దాని మీదికి పోయింది, రెండుసార్లూ వెనక్కి తీసుకున్నాను. పెట్టె ఒళ్ళో పెట్టుకుని పట్టీ బిగించి, పిల్ల నడపడం చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్ళూ తప్పు కోసమే చూశాను. ఇవాళ ఊరికే చూశాను. ఎంత బాగా నడుపుతుందో!

పద్నాలుగో మలుపు వచ్చింది. ఒక్క హారను కొట్టింది. రెండు చేతులూ స్టీరింగ్ మీదే, రెండు కళ్ళూ రోడ్డు మీదే. "తాతగారూ, మీరు పెట్టండి. నా వంతు కూడా" అంది, తల తిప్పకుండా.

నలభై ఏడు నిమిషాల్లో చేరాం. డాక్టరుగారు మెట్ల మీద పెట్టె అందుకుని లోపలికి పోయారు. రెండు గంటలు వరండాలో కూర్చున్నాం. బుల్లెమ్మ బతికింది. ఆడపిల్ల పుట్టింది. గొంతు గట్టిదే, నాకు గేటు దాకా వినపడింది. అనసూయకి ఫోను చేసి అంతా చెప్పాను, లైసెన్సు సంగతి కూడా. "పోన్లెండి. ఆదివారం పెసరట్లు ఇంట్లోనే పోస్తాను. అల్లం మీరు దంచండి" అంది.

మలుపు దగ్గర సంగతి ఒకటి రాయడం మర్చిపోయాను. ముప్పై నాలుగేళ్ళు ఒక చెయ్యి స్టీరింగ్‌కి ఇచ్చి రెండోదే ఆ తల్లికి ఇచ్చాను. ఈ ఇరవై ఐదు రోజులూ ఒకటి మీ పిడికి ఇచ్చాను. ఇవాళ నా రెండు చేతులూ ఖాళీ. ఘాటమ్మకి మొదటిసారి రెండు చేతులూ జోడించి దండం పెట్టాను.